చుట్టు కలవని ఇల్లు

రండి రండి, ముందుకు జరగండి. గోడకు ఆనుకున్నవాళ్లు కూడా రండి, గోడ ఎక్కడికీ పోదు. ఆ చివర నిలబడ్డ ఇద్దరూ కూర్చోండి, వెనకవాళ్లకు నేను కనబడాలి గదా. పుస్తకాలు సంచుల్లో పెట్టెయ్యండి. ఇవ్వాళ లెక్కలు చెప్పను. అంటే చెప్తాను గానీ, చెప్పినట్టు మీకు తెలియదు.

హైదరాబాదు పాతబస్తీలో, ఫలక్‌నుమా పక్కన, జహనుమా అని ఒక బస్తీ ఉంది. అక్కడ లక్ష్మయ్య అనే పాలాయన ఇల్లు. ఇంట్లో ముగ్గురు మనుషులు, కొట్టంలో నాలుగు బర్రెలు. తెల్లవారి ఐదింటికి లక్ష్మయ్య పాలు పిండుతాడు. ఆయన తల్లి బాలమ్మ క్యాన్లు కడుగుతుంది, కడుగుతూ ఎవర్నో ఒకర్ని తిడుతుంది. ఆయన భార్య రాజమణి వంట చేసి, టిఫిన్ డబ్బా సర్దుకుని, ఎనిమిదింటి బస్సుకు సర్వే ఆఫీసుకు పోతుంది. ఇల్లు సూర్యుడితో పాటు తిరుగుతుంది.

పొద్దున ఆరింటికి ఆ ఇంటి తలుపు తూర్పుకు ఉంటుంది. పన్నెండింటికి దక్షిణానికి వస్తుంది. సాయంత్రం ఆరింటికి పడమటికి, సరిగ్గా గల్లీ గేటుకు ఎదురుగా వస్తుంది. పెద్ద వాకిలి నడుమ తిరగలి రాయిలాగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఆరు దాటిందంటే మాత్రం ఆగదు. సాయంత్రం దూడ తల్లి దగ్గరికి ఉరికినట్టు, వచ్చిన దారినే గబగబా తూర్పుకు పోయి పడుకుంటుంది.

కరెంటాయన ఇరవై అడుగుల తీగ ఎక్కువ వదిలాడు. నీళ్లకు రబ్బరు పైపు వేశారు. బర్రెలకు కళ్లు తిరుగుతాయని బాలమ్మ కొట్టం వేరుగా కట్టించింది. ఒకసారి వాస్తు చూసే పెద్దమనిషి వచ్చి, పొద్దున రాసింది మధ్యాహ్నం కొట్టేసి, మధ్యాహ్నం రాసింది సాయంత్రం కొట్టేసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చినవాళ్లు మెట్ల దగ్గర చెప్పులు విడుస్తారు. తిరిగి వెళ్లేటప్పటికి మెట్లు పక్కకు జరిగి ఉంటాయి, చెప్పులు విడిచిన చోటే ఉంటాయి. "చెప్పులెటున్నయ్?" అని నాలుగడుగులు వేసి వెతుక్కోవడం ఆ ఇంటికి వచ్చినవాళ్లకు అలవాటు. ఎదురింటివాళ్లు ఆ తలుపు గేటుకు ఎదురుగా వస్తేనే టీవీలో సీరియల్ పెట్టుకుంటారు.

ఆఫీసు నుంచి వచ్చే రాజమణికి మాత్రం ఆ తలుపు ఎప్పుడూ ఎదురైంది లేదు. ఆమె బస్సు వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. అప్పటికి ఇల్లు వీపు చూపిస్తూ ఉంటుంది. పేడకుప్ప పక్క నుంచి, కొట్టం మీదుగా చుట్టు తిరిగి తలుపు దగ్గరికి పోవాలి. ఆఫీసుకు పోతున్నది పద్దెనిమిదేండ్లు. పద్దెనిమిదేండ్లూ అంతే.

ఆఫీసులో ఆమె సహాయకురాలు. భూమి కొలిచేటప్పుడు గీతల కర్ర పట్టుకుని ఎండలో నిలబడాలి, టేపు ఆ చివర లాగి పట్టాలి. పర్మనెంటు కాదు. ఈ ఏడు ఆఫీసుకు కొత్త మిషన్లు వచ్చాయి. కర్ర పట్టుకునే మనిషితో వాటికి పని లేదు. సంక్రాంతి తర్వాత సహాయకులెవరూ రానక్కర లేదని చెప్పేశారు. ఒక్క దారి మాత్రం ఉంచారు. పరీక్ష రాసి పాసైతే అసిస్టెంటు సర్వేయరు ఉద్యోగం ఇస్తారు. రెండే ఉద్యోగాలు. వచ్చే ఏటికి రాజమణికి వయసు దాటిపోతుంది. ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఆ పరీక్ష కాగితం మీద చేసేది కాదు. ప్రోగ్రాం రాసే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ మీద చెయ్యాలి. నేర్చుకోవడానికి మూడు నెలల ముందే తలా ఒకటి చేతిలో పెట్టారు.

రాజమణి దాన్ని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టింది. బాలమ్మ వంగి చూసింది.

"ఏమే, ఇన్ని గుండీలేందే? రిమోటా?"

"లెక్కల మిషన్ అత్తమ్మా."

"లెక్కలు ఫోన్ల లేవా?"

"పరీక్షల ఫోన్ రానియ్యరు."

"మరి నిన్ను రానిస్తరా?" అని బాలమ్మ క్యాన్లు కడగడానికి పోయింది.

బస్తీలో ప్రభాకర్ సార్ అని ఒకాయన ఉన్నారు. వాళ్లది గుడి పూజారుల కుటుంబం. ఆయన మాత్రం పాలిటెక్నిక్ కాలేజీలో ముప్పై ఏళ్లు సర్వే పాఠం చెప్పి రిటైరయ్యారు. రాజమణి అడిగితే కాదనలేదు. ప్రతి ఆదివారం నాలుగింటికి వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు విడిచి, వరండాలో కూర్చునేవారు.

"అమ్మా, ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో," అన్నారు మొదటి రోజు. "ఇది తెలివైంది కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. నువ్వు మనసులో అనుకున్నది చెయ్యదు."

"మా లక్ష్మయ్య లెక్కనా సార్?" అంది బాలమ్మ బియ్యం ఏరుతూ.

"మీ లక్ష్మయ్య చెప్పింది కూడా చెయ్యడు కదా బాలమ్మా."

"నాకు ఇనబడ్తున్నది!" అన్నాడు కొట్టంలోంచి లక్ష్మయ్య.

సార్ గొంతు సవరించుకున్నారు. "ముప్పై డిగ్రీల సైను ఎంత? సగం. సున్నా పాయింట్ ఐదు. కొట్టి చూడు."

రాజమణి ఒక్కొక్క గుండీ వేడి పెనం తాకినట్టు తాకింది. తెర మీద అంకెలు వచ్చాయి.

"సార్, సగానికి ముందల మైనస్ గీత గిట్ల ఉంటదా?"

సార్ కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నారు. మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది ఎనిమిది ఎనిమిది.

"పైన మూలకు చిన్న అక్షరం ఏముంది?"

"ఆర్ ఉన్నది."

"డి ఉండాలి. నువ్వు డిగ్రీలు చెప్తుంటే అది వేరే కొలత అనుకుంటున్నది. నువ్వు లీటరు అంటే అది సేరు అనుకున్నట్టు."

"హౌ మల్ల! గట్ల చెప్తె సమజైతది," అంది బాలమ్మ. అప్పటినుంచి క్యాలిక్యులేటర్ తెరిస్తే రాజమణి మొదట డి ఉందా లేదా చూసేది. లక్ష్మయ్య బర్రె వెనక కాళ్లు చూసుకున్నాకే చెంబు పట్టుకుని కూర్చునేవాడు, అట్లా.

ఇక ప్రోగ్రాం. చెయ్యాల్సిన పని ఒక్కొక్క మెట్టు వరుసగా రాసి మిషన్‌కు నేర్పడమే ప్రోగ్రాం అన్నారు సార్. అలవాటు కావడానికి చాయ్ పెట్టే పద్ధతి మెట్లు మెట్లుగా రాసుకు రమ్మన్నారు. రాజమణి నోట్‌బుక్కులో రాసి చదివింది.

"ఒకటి, గిన్నెల నీళ్లు పొయ్యాలె. రెండు, చాయ్‌పత్తి ఎయ్యాలె. మూడు, చక్కెర. నాలుగు, పాలు. ఐదు, వడగట్టాలె."

"స్టవ్ ఎవడు అంటిస్తడే, నీ అయ్యనా?" అంది బాలమ్మ తల ఎత్తకుండానే.

సార్ లేచి నిలబడ్డారు. "చూశావా! బాలమ్మకు వచ్చేసింది. ముప్పై ఏళ్లు మా పిల్లలకు ఇదే చెప్పాను, ఒక్కరికీ ఎక్కలేదు."

"పరీక్ష మా అత్తమ్మనే రాస్తది తియ్యండి," అంది రాజమణి. బాలమ్మ వద్దనలేదు.

పిల్లలూ, ఇప్పుడు జాగ్రత్తగా వినండి. పరీక్షలో వచ్చే లెక్క ఇది. ఒక జాగ చుట్టూ నడుస్తూ, ఒక్కొక్క గీత ఏ దిక్కుకు పోయింది, ఎంత దూరం పోయింది రాసుకోవాలి. మొదలుపెట్టిన చోటికి తిరిగి వస్తే, ఉత్తరానికి ఎంత పోయావో దక్షిణానికి అంతే వచ్చి ఉండాలి. తూర్పుకు ఎంతో పడమటికి అంతే. అంటే అన్నీ కలిపితే సున్నా. దాన్ని చుట్టు కలవడం అంటారు. మీ అమ్మ చుక్కల చుట్టూ ముగ్గు గీత తిప్పుకొచ్చి మొదటి చుక్క దగ్గర కలుపుతుంది చూడండి, అదే. కలవలేదంటే ఎక్కడో తప్పు జరిగినట్టు.

"పుస్తకంలో జాగలు నీకు ఇవ్వను," అన్నారు ప్రభాకర్ సార్. "అవి బుద్ధిగా కలుస్తాయి, నేర్చుకునేదేముంది? మీ ఇంటినే కొలువు. నాలుగు మూలలు, నాలుగు గోడలు."

రాజమణి ఆఫీసు నుంచి టేపు, దిక్సూచి అడిగి తెచ్చింది. లక్ష్మయ్య టేపు చివర పట్టాడు. నాలుగు గోడల దిక్కులూ దూరాలూ మిషన్‌కు ఇచ్చింది. సున్నా రాలేదు. అడుగున్నర తేడా వచ్చింది.

"ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది. మళ్లీ రాయి," అన్నారు సార్.

మళ్లీ రాసింది. మళ్లీ అడుగున్నర.

"తొందరపడుతున్నావమ్మా. నిదానంగా కొలువు."

నిదానంగా కొలిచింది. రెండడుగులు.

"ఇంకా నిదానంగా. దిక్సూచి ముల్లు పూర్తిగా ఆగాక చదువు."

ముల్లు ఆగి, ఆమె ఆగి, లక్ష్మయ్య మూల దగ్గర నిలబడి ఒక కునుకు తీసి లేచాక చదివింది. మూడడుగులు.

మీరు నవ్వుతున్నారు. అప్పుడు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ప్రతి ఆదివారం సార్ ముఖం చిన్నదయ్యేది. "నాకే చెప్పడం రావట్లేదేమో," అంటూ బయటికి వచ్చి, చెప్పులెటున్నాయో నాలుగడుగులు వెతుక్కుని, వేసుకుని పోయేవారు. రాజమణి బస్సులో ప్రోగ్రాం రాసేది. అన్నం తింటూ రాసేది. పేడకుప్ప పక్కన నడుస్తూ నోట్లో చెప్పుకునేది. పదకొండు రకాలుగా రాసింది. ఇరవై మూడు లైన్లు, ముందు నుంచీ వెనక నుంచీ నోటికి వచ్చేశాయి. చుట్టు మాత్రం కలవలేదు.

పరీక్ష ఇంకా రెండు వారాలు ఉందనగా ఆమె మిషన్‌ను బల్ల మీద పెట్టేసింది.

"నాకు రాదు అత్తమ్మా. పద్దెనిమిదేండ్లు కర్ర పట్టిన, కర్ర లెక్కనే ఉండిపోయిన."

బాలమ్మ ఈసారి తిట్టలేదు. అందుకే రాజమణికి భయమేసింది.

"ఇంక ఒక్కపారి కొలువు," అంది బాలమ్మ. "చాయ్ తాగి కొలువు. కావాల్నంటె స్టవ్ నేనే అంటిస్త."

రాజమణి చాయ్ గ్లాసు పట్టుకుని మొదటి మూల దగ్గరికి పోయింది. సగం తాగి, గ్లాసును ఆ మూల రాయికి ఆనించి కింద పెట్టింది. లక్ష్మయ్య టేపు పట్టాడు. ఒక గోడకు ఆరు నిమిషాలు. నాలుగు గోడలకు ఇరవై నాలుగు. చుట్టు తిరిగి వచ్చి మిగిలిన చాయ్ తాగుదామని చెయ్యి చాపింది.

గ్లాసు మూల దగ్గర లేదు. మూర దూరంలో ఉంది.

రాజమణి గ్లాసును చూసింది. మూలను చూసింది. మళ్లీ గ్లాసును చూసింది. మూర అంటే ఎంత? అడుగున్నర.

"ఏమయ్యా, గ్లాసు నువ్వు జరిపినవా?"

"నేనెందుకు జరుపుత? టేపు పట్టుకొని నిలబడ్డ గద."

"మరి?"

"ఇల్లు జరిగింది," అన్నాడు లక్ష్మయ్య, వాన వచ్చింది అన్నట్టు.

రాజమణి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఇల్లు తిరుగుతుందని గల్లీ మొత్తానికి తెలుసు. పోస్టాయనకు తెలుసు. ప్రభాకర్ సార్ ప్రతి ఆదివారం చెప్పులు వెతుక్కుంటారు. రోజూ చూసేది గనకనే ఒక్కరికీ లెక్కలోకి తీసుకోవాలని తోచలేదు. ఎంత నిదానంగా కొలిస్తే ఇల్లు అంత ఎక్కువ తిరిగింది. ప్రోగ్రాం పదకొండు సార్లు రాసింది, పదకొండూ సరైనవే!

లేచి కూడికలు వేసుకుంది. పన్నెండు గంటల్లో తూర్పు నుంచి పడమరకు, అంటే నూట ఎనభై డిగ్రీలు. గంటకు పదిహేను. నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. ప్రోగ్రాంలో ఒక లైను కలిపింది: కొలవడం మొదలుపెట్టి ఎన్ని నిమిషాలైతే, నిమిషానికి పావు డిగ్రీ చొప్పున తీసెయ్. దానికి ఇల్లు లైను అని పేరు పెట్టింది.

గుండీ నొక్కింది. సున్నా పాయింట్ సున్నా సున్నా.

"అత్తమ్మా! కలిసింది!"

"మిషన్ మంచిగయ్యిందా?"

"మిషన్ ఎప్పుడూ మంచిగనే ఉన్నది."

ఆ ఆదివారం సార్ నోట్‌బుక్కులో ఇల్లు లైను దాకా చదివి మూసేశారు. తర్వాత మెట్లు దిగి తన చెప్పుల దగ్గర నిలబడి, వాటిని చూసి దండం పెట్టారు. "ఇన్నాళ్లూ మీరు చెప్తూనే ఉన్నారు, నేనే వినలేదు," అన్నారు.

పరీక్ష రోజు వచ్చింది. హాల్లో నలభై మంది. రాజమణి పక్కన మున్నా కూర్చున్నాడు. అతనూ సహాయకుడే, పదేళ్లుగా టేపుకు ఆ చివర అతను, ఈ చివర ఆమె.

"ఫికర్ చెయ్యకు అక్కా," అన్నాడు మున్నా. "కోచింగోళ్లు ప్రోగ్రాం మొత్తం ఎక్కించి ఇచ్చిన్రు. అంకెలు కొట్టుడే, అయిపాయె."

పరీక్ష పెట్టడానికి గీతాంజలి మేడం వచ్చారు. కాటన్ చీర, చేతిలో స్కేలు. ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి ఒక్కొక్క క్యాలిక్యులేటర్ తీసుకుని, మూడు గుండీలు నొక్కి, తిరిగి ఇచ్చారు. లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. హాలంతా వడగళ్లు పడ్డ మామిడి తోటలాగా అయిపోయింది.

"యా అల్లా," అన్నాడు మున్నా మెల్లగా. "అక్కా, నాది మొత్తం పోయింది."

రాజమణి తెర చూసింది. పైన ఆర్ అని ఉంది. డి చేసింది. ఒకటో లైను నుంచి మొదలుపెట్టింది. పదకొండు సార్లు రాసిన చెయ్యి పన్నెండోసారి ఆగుతుందా? తొమ్మిదో లైను దగ్గర అలవాటు కొద్దీ ఇల్లు లైను కొట్టేసింది. నాలుక కరుచుకుని, ఈ జాగ తిరగదు గదా అని తీసేసింది. పావు గంటలో ప్రోగ్రాం తయారు.

కాగితంలో ఐదు గీతల జాగ ఇచ్చారు. అంకెలు కొట్టింది. తూర్పు పడమర సున్నా వచ్చింది. ఉత్తర దక్షిణం మాత్రం ఎనభై మీటర్ల తేడా.

ఎనభై మీటర్లు! చుట్టూ చూసింది. ప్రోగ్రాం కుదిరినవాళ్లు కొందరు ఎనభైని ఐదు భాగాలు చేసి, ఒక్కొక్క గీతకు కొంచెం కొంచెం సర్ది, అడుగున సున్నా అని అందంగా రాసేస్తున్నారు. గోరంత తేడా వస్తే సర్దడం ఆఫీసులో ఉన్నదే. ఆమె కూడా పెన్ను ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఆగింది. చాయ్ గ్లాసు గుర్తొచ్చింది.

నా లెక్క సరిగ్గానే ఉండి, జాగే జరిగి ఉంటే?

కాగితం మీద ఐదు గీతలూ గీసి చూసింది. మూడో గీత నిట్టనిలువు, పొడుగు నలభై మీటర్లు, దక్షిణానికి పోయినట్టు రాసి ఉంది. ఉత్తరానికి నలభై పోవాల్సిన మనిషి దక్షిణానికి నలభై పోతే, పోవాల్సిన చోటికి ఎంత దూరంలో ఉంటాడు? చెప్పండి. ఆఁ, ఎనభై!

రాజమణి జవాబు రాసింది: "చుట్టు కలవలేదు. లెక్క సరిగ్గనే ఉన్నది. మూడో గీత దిక్కు తిరగేసి రాసిన్రు. కూర్చొని సర్దొద్దు. జాగ కాడికి పోయి మళ్లా కొలవాలె."

మేడం వచ్చి ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు.

"ఇది నేను కావాలనే తిరగేసి ఇచ్చిన ప్రశ్న. ఆరేళ్లుగా వేరే పరీక్షల్లోనూ ఇస్తున్నా. తప్పు కాగితంలో ఉందని నీకెట్ల అనిపించింది?"

"మా ఇల్లు తిరుగుతది మేడం."

"గంటకెంత?"

"పదిహేను డిగ్రీలు."

"ఊఁ," అని మేడం మార్కు వేసి పక్క బల్లకు పోయారు.

మూడు వారాలకు ఆఫీసు గోడ మీద కాగితం అంటించారు. రెండు పేర్లు. మొదటిది రాజమణి. రెండోది మున్నా.

"నువ్వేం రాసినవ్ రా?" అంది రాజమణి ఆశ్చర్యపోయి.

"ప్రోగ్రాం కాలే అక్కా, చేత్తోటి చేసిన. నై మిలా. కలవలేదు, కలిపితె అబద్ధమైతది అని రాసిన," అన్నాడు మున్నా సిగ్గుపడుతూ.

ఆ సాయంత్రం ఇంజన్‌బౌలి దగ్గర ఒక పెళ్లి బరాత్ రోడ్డు నిండా ఆగింది. బస్సు కదల్లేదు. రాజమణి గల్లీలోకి మలుపు తిరిగేసరికి ఆరూ నలభై. గేటు తీసి, అలవాటుగా పేడకుప్ప వైపు అడుగు వేసి, ఆగిపోయింది.

తలుపు గేటుకు ఎదురుగా ఉంది. తెరిచి ఉంది. గడప మీద బాలమ్మ కూర్చుని ఉంది.

"ఏందే గట్ల నిలబడ్డవ్? రా," అంది బాలమ్మ. "ఆరింటి సంది ఇల్లు కదుల్తలేదు. ఎదురింటోళ్లు ఇంకా ఆరే అనుకొని సీరియల్ పెట్టిన్రు, ఆడ వార్తలు వస్తున్నయని లొల్లి. పాసైనవా?"

"పాసైన అత్తమ్మా."

"నాకెరుకే. స్టవ్ సంగతి నేను చెప్పకపోతె యాడికెల్లి పాసైతుంటివి?"

రాజమణి నేరుగా నడిచి, మెట్లెక్కి, తలుపులోంచి లోపలికి పోయింది. పద్దెనిమిదేండ్లలో మొదటిసారి. ఆమె రెండో కాలు గడప దాటగానే ఇల్లు గబగబా తూర్పుకు తిరిగిపోయింది.

ఆదివారం ప్రభాకర్ సార్ వచ్చి నోట్‌బుక్కు తిరగేస్తుంటే, ఇల్లు లైను కింద కొత్తగా ఇంకో లైను కనబడింది: ఇంటికి మనసైతే నలభై నిమిషాలు కలుపు.

"ఇది మిషన్‌కు అర్థం కాదమ్మా," అన్నారు సార్.

"మిషన్‌కు ఎక్కియ్యలే సార్," అంది రాజమణి. "నేను మర్చిపోవద్దని రాసుకున్న."

అంతే. ఇక లేవండి, మీ అమ్మలు కంచాలు పెట్టుకుని గుమ్మాల్లోకి తొంగి చూస్తుంటారు. నెట్టుకోకండి, ఒకరి తర్వాత ఒకరు. చెప్పులు విడిచిన చోటే ఉన్నాయో లేదో చూసుకుని వేసుకోండి. పొండి, అన్నం వేడిగా ఉండగానే తినండి.